ఈ ఆటలో నిమిషం మనకి కాదు, మెషీన్‌కి

పోయిన వీడియో చివర్లో "నాకొక పిచ్చి హాబీ ఉంది, దాని గురించి ఒకరోజు చెప్తాను" అని వదిలేశాను కదా. దానికి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే: "అన్నా, కోడింగ్‌తో లెక్కల పజిల్స్ చేయడం బాగానే ఉంది, కానీ ఇది ఇంటర్వ్యూలో అడుగుతారా?" అడగరు తమ్ముడూ. నేను చాలా ఇంటర్వ్యూలు ఇచ్చాను, జూనియర్లని కొన్ని చేశాను కూడా. ఈ రోజు చెప్పబోయే లెక్క నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఆ ప్రశ్న తేలిపోయింది కాబట్టి ఇక ప్రశాంతంగా మాట్లాడుకుందాం.

మనలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళలో చాలామందిమి ఎంసెట్ రాసినవాళ్ళమే. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, సరే. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో మ్యాథ్స్ 80. అంటే ఒక్కో ప్రశ్నకి నిమిషం, పైన ఇంకో ఏడెనిమిది సెకన్లు. ఇంటర్ రెండేళ్ళూ నేను నేర్చుకున్నది లెక్క చేయడం కాదండి, లెక్క చూడగానే అది ఏ మోడలో గుర్తుపట్టడం, షార్ట్‌కట్ కొట్టడం, కుదరకపోతే ఆప్షన్లని ఒక్కొక్కటిగా వెనక్కి పెట్టి చూడటం. "ఇది ఇలాగే ఎందుకొస్తుంది సార్?" అని అడిగితే, "ముందు ర్యాంకు తెచ్చుకో, తర్వాత తీరిగ్గా ఆలోచిద్దువు గాని" అనేవారు. ర్యాంకు వచ్చింది, సీటొచ్చింది. బీటెక్ ఫస్టియర్‌లో ఎమ్-వన్, ఎమ్-టూ పాసయ్యాం. ఉద్యోగం కూడా వచ్చింది. ఆ తీరిక మాత్రం రాలేదు.

ఆ తీరిక నాకు దొరికిన చోటు ఒకటి ఉంది. దాని పేరు ప్రాజెక్ట్ ఆయిలర్.

స్పెల్లింగ్ చూసి మనం యూలర్ అని చదివేస్తాం కానీ, ఆయన పేరు ఆయిలర్. లియొనార్డ్ ఆయిలర్, 1707లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టాడు, 1783లో పోయాడు. చివరి సంవత్సరాల్లో దాదాపుగా చూపు పోయినా లెక్కలు ఆపని మనిషి. ఆయన పేరు మీద కాలిన్ హ్యూస్ అనే ఆయన 2001లో ఈ లెక్కల సేకరణ మొదలుపెట్టాడు. ఇప్పటికి 900 దాటాయి. దాదాపు ప్రతి లెక్కకీ సమాధానం ఒక సంఖ్య. మీరు ఏ లాంగ్వేజ్‌లో రాసినా, కాగితం మీద చేసినా, వాళ్ళకి అనవసరం. సంఖ్య టైప్ చేస్తారు, అది కరెక్టో కాదో చెప్తుంది, అంతే. ఆప్షన్లు ఉండవు. నెగటివ్ మార్కులూ లేవు.

కానీ ఒక రూల్ ఉంది. నిమిషం రూల్ అంటారు. ప్రతి లెక్కనీ ఎలా తయారు చేస్తారంటే, సరైన పద్ధతి పట్టుకుంటే ఒక మామూలు కంప్యూటర్ మీద ప్రోగ్రాం నిమిషం లోపు సమాధానం ఇచ్చేయాలి. మీ ప్రోగ్రాం గంటలకి గంటలు తిరుగుతోందంటే కంప్యూటర్ పాతదైపోయిందని కాదు, ఆ లెక్కలో మీరింకా చూడని విషయం ఏదో ఉందని.

గమనించారా? ఎంసెట్‌లో నిమిషం మనకి. ఇక్కడ నిమిషం మెషీన్‌కి. మనకి మాత్రం ఎన్ని రోజులైనా తీసుకోవచ్చు. నాకు ఈ హాబీ నచ్చడానికి వెయ్యి కారణాలు చెప్పగలను గానీ, అసలు కారణం ఇదొక్కటే.

మొదటి లెక్కతో మొదలుపెడదాం. 1000 లోపు ఉన్న సంఖ్యల్లో 3తో గానీ 5తో గానీ భాగించబడేవన్నీ కూడితే ఎంత? పైథాన్ నేర్చుకుని రెండు రోజులైన వాళ్ళు కూడా చేసేస్తారు. ఒక లూపు, ఒక ఇఫ్. 233168 వస్తుంది. అయిపోయింది, టిక్కు పడింది, బయటికొచ్చేయొచ్చు.

ఇప్పుడు అదే లెక్కలో 1000 తీసేసి ఒకటి పక్కన 18 సున్నాలు పెట్టండి. మీ లూపు ఇక మీ మనవళ్ళకి సమాధానం చెప్తుంది. అప్పుడు కాగితం తీయాల్సిందే. 3 గుణిజాలు ఎన్ని? 333. వాటి మొత్తం 3 × (1 నుంచి 333 దాకా మొత్తం), అంటే 166833. 5 గుణిజాలు 199, మొత్తం 99500. ఈ రెండూ కలిపితే 15, 30, 45 లాంటివి రెండుసార్లు పడతాయి. అవి 66, మొత్తం 33165. ఆ ఒక్కసారి తీసేస్తే 233168. లూపే లేదు! ఒకటి పక్కన 18 సున్నాలున్నా, 100 సున్నాలున్నా ఇదే మూడు లైన్లు. ఈ ఫార్ములా మనం తొమ్మిదో పదో తరగతుల్లోనే చదివాం. నాకు తెలిసిన ఫార్ములానే, కానీ అది దేనికి పనికొస్తుందో చేతికి తగిలింది ఆ రోజే.

ఇంకొంచెం ముందుకెళ్తే 14వ లెక్క. ఒక సంఖ్య తీసుకోండి. సరిసంఖ్య అయితే సగం చేయండి, బేసిసంఖ్య అయితే 3తో గుణించి 1 కలపండి. 13తో మొదలుపెడితే 40, 20, 10, 5, 16, 8, 4, 2, 1. ఇలా పది లక్షల లోపు ఏ సంఖ్యతో మొదలుపెడితే గొలుసు అన్నిటికంటే పొడవుగా వస్తుంది? చూడ్డానికి పిల్లల ఆట. కానీ 27తో మొదలుపెట్టి చూడండి, 9232 దాకా ఎక్కి, దిగి, మొత్తం 111 అడుగులు వేశాక గానీ 1కి రాదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి 1కే వస్తుందా అన్నది ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. 1937లో లోథర్ కొలాట్జ్ అడిగిన ప్రశ్న అని చెప్తారు, అందుకే ఆయన పేరే దానికి. కంప్యూటర్లతో ఊహకందనంత పెద్ద సంఖ్యల దాకా చెక్ చేశారు, అన్నీ 1కే వచ్చాయి. అయినా అది రుజువు కాదు. ఈ తేడా ప్రోగ్రామర్లకి ఒకసారి గట్టిగా తగలాలి, ఎందుకంటే మనం "అన్ని టెస్టులూ పాసయ్యాయి" అనే మాట మీద బతికేవాళ్ళం.

ఆ లెక్కలో ట్రిక్ ఏంటంటే గుర్తుపెట్టుకోవడం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళాలన్నా, నల్గొండ వైపు ఊళ్ళ నుంచి వచ్చి అదే రోడ్డు పట్టుకున్నా, సూర్యాపేట తగిలిందంటే అక్కణ్ణుంచి మిగతా దారి అందరికీ ఒకటే కదా. సూర్యాపేట నుంచి విజయవాడకి ఎంత దూరమో ఒకసారి కొలిచి రాసి పెట్టుకుంటే, ప్రతి బండికీ మళ్ళీ కొలవక్కర్లేదు. ఈ గొలుసులూ అంతే. 13 దారిలో 40 తగిలింది, 40 సంగతి ముందే తెలుసు, కాబట్టి ఆగిపోవచ్చు. కాలేజీలో దీన్ని మెమోయిజేషన్ అని రాయించి, డెఫినిషన్‌కి రెండు మార్కులిచ్చారు. ఇక్కడ అవసరం పడి అదే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది.

సరే, ఇప్పుడు అసలు లెక్కకి వస్తాను. నంబర్ 66. మొదటి వంద లెక్కల గురించి బయట మాట్లాడుకోవచ్చని వాళ్ళే అంటారు, కాబట్టి ఇబ్బంది లేదు. అయినా ఫైనల్ ఆన్సర్ మాత్రం చెప్పను, దారి చెప్తాను.

లెక్క ఇది: ఎక్స్ స్క్వేర్ మైనస్ డి ఇంటూ వై స్క్వేర్ ఈక్వల్ టు 1. డి అనేది మనకిచ్చిన సంఖ్య. ఎక్స్, వై పూర్ణ సంఖ్యలు కావాలి, సున్నా కాకూడదు, ఉన్నవాటిలో అతి చిన్నవి కావాలి. ఉదాహరణకి డి 13 అయితే, 649 × 649 నుంచి 13 × 180 × 180 తీసేస్తే సరిగ్గా 1. డి పర్ఫెక్ట్ స్క్వేర్ అయితే ఇలాంటి జత ఉండదు, వాటిని వదిలేయాలి. 1000 వరకు ఉన్న అన్ని డి లకీ ఇలా అతి చిన్న ఎక్స్ కనుక్కుంటే, ఏ డి దగ్గర ఆ ఎక్స్ అన్నిటికంటే పెద్దది?

ఎవరైనా మొదట చేసేదే నేనూ చేశాను. వై ని 1, 2, 3 అని పెంచుకుంటూ పోవడం. డి ఇంటూ వై స్క్వేర్ ప్లస్ 1 పర్ఫెక్ట్ స్క్వేర్ అయిందా? అయితే ఆగు. లేకపోతే తర్వాతి వై. ప్రోగ్రాం రన్ చేస్తే స్క్రీన్ మీద గబగబా పడుతున్నాయి. 60 దగ్గర వై కేవలం 4. చూసుకోండి, 31 × 31 = 961, 60 × 16 = 960. ఆ తర్వాత 61.

ఆగింది. హ్యాంగ్ అయిందేమో అనుకునేంత సేపు ఆగింది. నా లాప్‌టాప్‌లో పైథాన్ సెకనుకి ఓ 30 లక్షల వై లు చూడగలదు. నిమిషంపావు తర్వాత లైను పడింది. వై 22,61,53,980. ఎక్స్ 176,63,19,049. ఆ వెంటనే 62 వచ్చేసింది, వై ఎంతో తెలుసా? 8!

60కి 4, 62కి 8, మధ్యలో 61కి ఇరవై రెండు కోట్లు. ఇలాంటిది చూశాక నిద్ర పట్టదు, నాకైతే పట్టలేదు. ప్రోగ్రాం ఇంకా ముందుకెళ్ళి 109 దగ్గర పూర్తిగా ఆగిపోయింది. ఆ రాత్రి ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, పొద్దున లేచి చూసినా 109 దగ్గరే ఉంది. తర్వాత తెలిసింది, 109కి వై 15 లక్షల కోట్ల పైనట. అదే స్పీడుతో వెళ్తే రెండు నెలలు పట్టేది. అదీ 109కి మాత్రమే, మనం వెళ్ళాల్సింది 1000 దాకా. అసలు సమాధానం ఉన్న చోట ఎక్స్‌కి 38 అంకెలు. వై కి 36. సెకనుకి వంద కోట్లు చూసే మెషీన్ పెట్టినా, ఈ విశ్వం వయసుకి వంద కోట్ల రెట్ల పైనే టైమ్ కావాలి. ఆఫీసులో మనకి అలవాటైన పరిష్కారం ఏంటి? ఇంకో రెండు సర్వర్లు పెంచండి, క్లౌడ్ బిల్లు క్లయింట్ కడతాడు. ఇక్కడ ఆ మాట చెల్లదు.

అందుకని ప్రోగ్రాం ఆపేసి నోట్‌బుక్ తీశాను. మొత్తం పదకొండు రోజులు పట్టింది నాకు. అంటే ఆఫీసు అయ్యాక, రాత్రి గంటో రెండు గంటలో. ఒకరోజు అమ్మ పాలగ్లాసు పెట్టి అడిగింది, "ఇంకా ఏ పరీక్షరా నాయనా?" అని. ఏ పరీక్షా లేదమ్మా అంటే నమ్మలేదు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నానని పెద్దమ్మ వాళ్ళకి ఫోన్‌లో చెప్పిందని తర్వాత తెలిసింది.

నోట్‌బుక్‌లో ఏం చేశానంటే, 1 రాకపోయినా దగ్గరికి వచ్చినవి రాసుకున్నాను. 61కి, 8 × 8 = 64, అందులోంచి 61 తీస్తే 3. 39 × 39 = 1521, 61 × 25 = 1525, తేడా మైనస్ 4. అరే, ఇంత దగ్గరికొచ్చి తప్పిపోతోందే అనిపిస్తుంది. ఆ తప్పిపోయినవాటిని కలిపితే తగులుతుందా అన్నదే ప్రశ్న. ఇక్కడిదాకా నా బుర్రతో వచ్చాను. ఇక్కణ్ణుంచి దారి నాది కాదు, చదివి తెలుసుకున్నది. ఆ దారి వేసి పద్నాలుగు వందల ఏళ్ళయింది.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుట సిద్ధాంతం రాశాడు. ఇప్పటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్ ఆయన ఊరు. అందులో భావన అనే ఒక పద్ధతి ఉంది. ఇలా తప్పిపోయిన జతలు రెండు తీసుకోండి. మొదటివి రెండూ గుణించి, దానికి 61 ఇంటూ రెండోవాటి లబ్ధం కలపండి, అది కొత్త మొదటిది. అడ్డంగా గుణించి కూడండి, అది కొత్త రెండోది. అప్పుడు కొత్త తేడా ఎంతో తెలుసా? పాత తేడాలు రెండిటి లబ్ధం. అంతే, ఇంకేం లేదు. పెన్ను పట్టుకుని విస్తరిస్తే పదో తరగతి పిల్లలు కూడా నిరూపించగలరు. కానీ ఇది తట్టాలి కదా!

1150లో భాస్కరాచార్యుడు, మనం లీలావతి పేరుతో వినే ఆయనే, బీజగణితంలో దీన్ని ఒక చక్రంలా తిప్పి చూపించాడు. అందుకే చక్రవాలం అని పేరు. ఆయన చేసి చూపించిన ఉదాహరణల్లో ఒకటి ఏంటో ఊహించండి. 61!

చేద్దాం, పెన్ను తీసుకోండి. వీడియో ఆపి చేసినా పర్లేదు. మొదటి జత 8, 1. తేడా 3. దీనికి తోడు ఇంకో జత కావాలి, రెండోది 1 ఉండేలా: ఏదో ఒక సంఖ్య, 1. ఆ సంఖ్య ఎలా ఎంచుకోవాలి? రెండు షరతులు. దాని స్క్వేర్ 61కి దగ్గరగా ఉండాలి, ఆ తర్వాత వచ్చేవి 3తో తెగాలి. 7 సరిపోతుంది. 7, 1 తేడా 49 − 61, అంటే మైనస్ 12. రెండూ భావనతో కలపండి. మొదటిది 8 × 7 + 61 = 117. రెండోది 8 + 7 = 15. తేడా 3 × −12 = −36. ఇప్పుడు 117ని, 15ని 3తో భాగిస్తే 39, 5. తేడా 9తో తగ్గి మైనస్ 4. చూశారా, నోట్‌బుక్‌లో నాకు దొరికిన ఆ 39, 5 ఒక్క అడుగులో వచ్చింది.

తేడా 4 గానీ మైనస్ 4 గానీ వస్తే బ్రహ్మగుప్తుడి దగ్గరే ఒక దగ్గరి దారి ఉంది. 39, 5 ని దాంతోనే కలపండి: 3046, 390, తేడా 16. సగం చేస్తే 1523, 195, తేడా 4. దీన్ని మళ్ళీ 39, 5 తో కలపండి: 118872, 15220, తేడా మైనస్ 16. 4తో భాగిస్తే 29718, 3805, తేడా మైనస్ 1. ఇక చివరి అడుగు, దీన్ని దాంతోనే కలిపితే మైనస్ 1 ఇంటూ మైనస్ 1, ప్లస్ 1. ఎక్స్ 1766319049, వై 226153980.

నా లాప్‌టాప్ 22 కోట్ల సార్లు తిరిగి తెచ్చింది ఇదే కదా. ఇక్కడ ఒక పేజీ కూడా నిండలేదు.

ఇందులో నాకు ఇంకా నచ్చిన సంగతి ఒకటుంది. 1657లో ఫ్రాన్స్‌లో ఫెర్మా, ఆ ఫేమస్ ఫెర్మానే, ఈ సమీకరణాన్ని సవాలుగా విసిరాడు. ఫ్రెనికల్ అనే తోటి గణితజ్ఞుడికి రాసిన ఉత్తరంలో, అంతా చేయలేకపోతే ఈ రెండు చిన్న సంఖ్యలకైనా చేయండి అని సరదాగా రెండు ఇచ్చాడు. 61, 109. నా ప్రోగ్రాం ఎక్కడెక్కడ ఆగిందో గుర్తుందా? అవే రెండు చోట్లు! కంప్యూటర్ లేని కాలంలో ఆయనకి ఎక్కడ కాలు జారుతుందో తెలుసు. 61ని భారతదేశంలో అయిదు వందల ఏళ్ళ క్రితమే చేసేశారన్నది మాత్రం ఆ ఉత్తరాలు రాసుకున్నవాళ్ళకి తెలియదు. తర్వాత ఆయిలర్ దీనికి పొరపాటున జాన్ పెల్ పేరు తగిలించాడు, పెల్‌కి దీంతో పెద్ద సంబంధం లేకపోయినా ఆ పేరే నిలిచిపోయింది. పెల్ సమీకరణం అని వెతికితే మీకిది దొరుకుతుంది.

ఇది విని "చూశారా, అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయి" అని వాట్సాప్‌లో పెట్టకండి ప్లీజ్. ఇది వేదాల్లో లేదు. మనుషులు కూర్చుని, తేడాలు రాసుకుని, కష్టపడి కనిపెట్టిన పద్ధతి. పర్ఫెక్ట్ స్క్వేర్ కాని ప్రతి డి కీ సమాధానం తప్పకుండా ఉంటుందని పూర్తిగా నిరూపించింది 18వ శతాబ్దంలో లగ్రాంజ్. ఎవరి వాటా వాళ్ళకి ఇస్తేనే భాస్కరుడు చేసింది ఎంత గొప్పదో తెలుస్తుంది.

అన్నట్టు, తెలుగులో లెక్కలు చెప్తే నామోషీ అనుకునేవాళ్ళ కోసం ఒక మాట. మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన ఎన్నో వందల ఏళ్ళ కిందటే పద్యాల్లో తెలుగు చేశాడు. మనం "ఎక్స్ స్క్వేర్" అంటూ యూట్యూబ్‌లో చెప్పడం పెద్ద సాహసమేమీ కాదు.

ప్రోగ్రాం సంగతికొస్తే, చక్రవాలాన్ని పైథాన్‌లో రాస్తే పదిహేను లైన్లు కూడా దాటలేదు. 1000 దాకా అన్ని డి లూ సెకను లోపే వచ్చేశాయి. ఒక జాగ్రత్త: సీ లోనో జావా లోనో మామూలు 64 బిట్ల ఇంటీజర్‌తో రాస్తే 19 అంకెల దగ్గరే నిండిపోతుంది, 38 అంకెలు పట్టవు. ఎర్రర్ కూడా ఇవ్వకుండా చెత్త సంఖ్య చూపిస్తుంది. జావా వాళ్ళకి బిగ్‌ఇంటీజర్ ఉంది. పైథాన్ అయితే ఆ గొడవ తనే చూసుకుంటుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న, నన్ను కొంచెం గుచ్చింది కూడా ఇదే. "ఏఐకి ఇస్తే రెండు సెకన్లలో చేసేస్తుంది కదా బ్రో, పదకొండు రోజులు ఎందుకు?" ఇచ్చి చూశాను. చేసేసింది. కోడ్ కరెక్టే, సమాధానం కరెక్టే. ఆఫీసులో నేను దాన్ని రోజూ వాడేవాణ్ణి, వాడకపోతే సాయంత్రానికి టికెట్లు క్లోజ్ అయ్యేవి కావు. దాని మీద నాకేం కోపం లేదు.

కానీ ఆలోచించండి. ఆఫీసులో ఆ టైమ్ నాది కాదు, కంపెనీది. స్ప్రింట్ రెండు వారాలు, డెడ్‌లైన్ శుక్రవారం, వాళ్ళకి సమాధానమే కావాలి, తొందరగా కావాలి. ఇంటర్‌లో కూడా అంతే, కావాల్సింది బబుల్. నా బతుకులో లెక్క ముందు కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు గడియారం పట్టుకుని నిలబడ్డారు. ఈ ఒక్కచోట ఎవరూ లేరు. ఇక్కడ ఆ సంఖ్య ఎవరికీ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు, 38 అంకెల సంఖ్యతో నేనేం చేసుకుంటాను? 60కి 4, 61కి ఇరవై రెండు కోట్లు, ఎందుకు? ఇది నాకు కావాలి. ఏఐ రెండు సెకన్లలో ఇచ్చేది సంఖ్యని. తెలుసుకోకుండా ఉన్న ఆ పది రోజులూ ఉన్నాయే, అవి తీసేసుకుంటుంది. సెలవు రోజు కాలనీలో క్యారమ్స్ ఆడటానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటామా?

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. ఉద్యోగం వదిలి ఈ ఛానెల్ పెట్టినప్పుడు ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఈ లెక్కల వల్లే వదిలానని చెప్పను, అంత సినిమా లేదు. కానీ ఒక విషయం మీద పదకొండు రోజులు కూర్చోగలనని నాకు తెలిసింది మాత్రం ఈ 66 దగ్గరే. అప్పటిదాకా నేను తొందరగా విసుగొచ్చే మనిషినని నాకే గట్టి నమ్మకం.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి: 1 నుంచి 10 దాకా వరసగా చేయండి, ఆ తర్వాత వరస అక్కర్లేదు. లాంగ్వేజ్ గురించి కొట్టుకోకండి, వచ్చింది వాడండి. ముందు చిన్న కేసు చేతితో చేయండి, 1000 అడిగితే 10కి చేసి చూడండి. ప్రోగ్రాం ఆగిపోతే వెంటనే సెర్చ్ చేయకండి, అది ఎక్కడ ఆగిందో ప్రింట్ చేయించి చూడండి, అసలు విషయం చాలాసార్లు అక్కడే ఉంటుంది. మొదటి వంద దాటాక సమాధానాలు బయట పెట్టొద్దని వాళ్ళు అడుగుతారు, దయచేసి పాటించండి, గిట్‌హబ్‌లో పెట్టి స్టార్ల కోసం చూడకండి. ఇంకొకరి పదకొండు రోజులు అవి.

ఈ వారానికి మీకు పని. పెన్ను, కాగితం, అంతే. డి 13. మొదటి జత 4, 1, తేడా 3. చక్రం తిప్పండి. మధ్యలో 7, 2 తగలాలి, తర్వాత 18, 5, తేడా మైనస్ 1. అక్కణ్ణుంచి ఒక్క అడుగు వేస్తే ఇందాక చెప్పిన 649, 180. అది అయిపోయినవాళ్ళు 67 చేయండి, అది కూడా భాస్కరుడు చేసిందే. ఎక్స్ 48842, వై 5967 రావాలి. సమాధానం ముందే చెప్పేశాను కాబట్టి సమాధానం పంపకండి, మీరు వేసిన అడుగుల ఫోటో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం, ఉంటాను మరి.